దక్షిణాఫ్రికాపై ఆంక్షలు: ఎవరు అడిగారు, ఎవరు అడ్డుపడ్డారు, ఏది పనిచేసింది

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలనను కూల్చింది ఆర్థిక ఆంక్షలేనని కొందరు ఘంటాపథంగా చెబుతారు. ఆంక్షల వల్ల ఒరిగిందేమీ లేదని, అక్కడి ప్రజలే పోరాడి గెలిచారని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండు వాదనల్లోనూ ఉన్న చిక్కు ఒకటే. నలభై ఏళ్లకు పైగా, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు మనుషులు చేసిన పనులన్నిటినీ ఇద్దరూ ఒకే గాటన కడుతున్నారు. డబ్లిన్‌లో ఒక దుకాణం ఉద్యోగిని దక్షిణాఫ్రికా పండ్లకు బిల్లు వేయనని చెప్పడం, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం అక్కడ వ్యాపారం చేసే కంపెనీల్లో తన వాటాలను అమ్మేయడం, ఐక్యరాజ్యసమితి తీర్మానం చేయడం, న్యూయార్క్‌లో ఒక బ్యాంకు పాత అప్పును పొడిగించనని చెప్పడం ఒకే కోవలోవి కావు. వీటిలో కొన్నింటి వల్ల ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి పైసా నష్టం జరగలేదు. అయినా అవి లేకపోతే నిజంగా నష్టం కలిగించినవి జరిగి ఉండేవి కావు. ఒకటి మరొకదానికి ఎలా దారి తీసిందన్నదే అర్థం చేసుకోవలసిన విషయం.

మొదటి అడుగు వేసింది మన దేశమే, అదీ స్వాతంత్ర్యం రాక ముందే. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు 1860 నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లి స్థిరపడిన తెలుగువారు, తమిళులు, ఉత్తరాది వారు, వారి వెనకే వెళ్లిన గుజరాతీ వర్తకులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ ఉండవచ్చో నిర్దేశిస్తూ అక్కడి ప్రధాని స్మట్స్ ప్రభుత్వం 1946లో ఒక చట్టం తెచ్చింది. దానికి నిరసనగా ఆ ఏడాది జూలైలో భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో వర్తకాన్ని నిషేధించింది. అప్పటికి మన ఎగుమతుల్లో దాదాపు 5.5 శాతం ఆ దేశానికే వెళ్లేవి. వారి వర్తకంలో మన వాటా మాత్రం చాలా స్వల్పం. అంటే ఈ నిషేధం వల్ల వారికంటే మనకే ఎక్కువ నష్టం. ఆ ఏడాది చివర విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలో మన ప్రతినిధి బృందం ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో విషయాన్ని లేవనెత్తి, మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానాన్ని నెగ్గించుకుంది. అది దక్షిణాఫ్రికాను లొంగదీయలేదు. రెండేళ్లకే నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చి వర్ణవివక్షను అధికారిక విధానంగా మార్చింది. ప్రతి మనిషినీ జాతి పేరుతో నమోదు చేసే చట్టం, ఏ జాతి ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టం రెండూ 1950లో వచ్చాయి. ఒక్క దేశం తెగతెంపులు చేసుకుంటే నైతిక బలం వస్తుంది తప్ప ఆర్థిక ఒత్తిడి రాదన్న పాఠం ఆ తొలి అడుగులోనే ఉంది. పైగా మన నిషేధానికి కూడా కంతలు లేకపోలేదు. లండన్‌లోని డి బీర్స్ విక్రయ సంస్థ ఎన్నో దేశాల ముడి వజ్రాలను కలిపి అమ్మేది కనుక, సాన పట్టడానికి సూరత్‌కు చేరిన రాళ్లలో ఏది ఏ గనిలో పుట్టిందో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

పరాయి దేశం మీద ఆంక్షలు అడిగేవారికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, ఆ దెబ్బ ఎవరికి తగులుతుందన్నది. గనుల్లో, తోటల్లో పనిచేసే నల్లజాతి కూలీలే ముందు వీధిన పడతారని, వారి పేరు చెప్పి వారినే ఆకలికి గురిచేయడం ఏం న్యాయమని వాదించినవారు కోకొల్లలు. వాదన తేలికైనది కాదు. దానికి సమాధానం లండన్ నుంచో ఢిల్లీ నుంచో వచ్చి ఉంటే చెల్లేది కాదు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతులీ, నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు డాక్టర్ మాంటీ నాయకర్, లిబరల్ పార్టీకి చెందిన పీటర్ బ్రౌన్ కలిసి చేసిన ప్రకటనలో ఆ సమాధానం ఉంది. బహిష్కరణ వల్ల ఆఫ్రికన్లకు కష్టాలు తప్పవని వారు దాచలేదు. రక్తపాతపు రోజులను అది తగ్గించేటట్లయితే ఆ మూల్యం చెల్లించడానికి తాము సిద్ధమని చెప్పారు. లుతులీ పిలుపును అందుకుని 1959 జూన్ 26న లండన్‌లో బహిష్కరణ ఉద్యమం మొదలైంది. టాంగన్యీకా (నేటి టాంజానియా) నాయకుడు జూలియస్ నైరేరే ఆ సభలో మాట్లాడారు. మరుసటి ఏడాది మార్చి 21న షార్ప్‌విల్‌లో, నల్లజాతి వారు పాస్‌బుక్ వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాలకు వ్యతిరేకంగా గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ తర్వాత పండ్లు, సిగరెట్లు కొనవద్దన్న ప్రచారం బ్రిటన్‌లో వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమంగా స్థిరపడింది.

లోపలివారి సమ్మతి గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఆంక్షలు కోరడమే దక్షిణాఫ్రికాలో శిక్షార్హమైన నేరం. బిషప్ డెస్మండ్ టూటూ 1979లో డెన్మార్క్ టెలివిజన్‌లో, డేన్‌లు దక్షిణాఫ్రికా బొగ్గు కొనడం తనకు బాధ కలిగిస్తున్నదన్న అర్థంలో మాట్లాడారు. ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకోమంది. ఆయన తీసుకోలేదు. మరుసటి ఏడాది ఆయన పాస్‌పోర్టు లాక్కున్నారు. నల్లజాతి వారు నిజంగా ఆంక్షలు కోరుకుంటున్నారా అని ఆ రోజుల్లో జరిగిన అభిప్రాయ సేకరణల్లో ప్రశ్న అడిగిన తీరును బట్టి జవాబు మారిపోయేది. కోరితే జైలు పాలయ్యే చోట జరిగిన సర్వేలను ఏ పక్షం వారైనా తమకు రుజువుగా చూపించడం నాకు సబబుగా అనిపించదు.

ప్రభుత్వాల స్థాయిలో కథ వేరు. సర్వప్రతినిధి సభ 1962 నవంబర్ 6న ఆమోదించిన 1761వ తీర్మానం, దక్షిణాఫ్రికాతో దౌత్య, వర్తక సంబంధాలు తెంచుకోవాలని సభ్యదేశాలను కోరింది, వర్ణవివక్షపై ఒక ప్రత్యేక కమిటీని నియమించింది. అయితే అందరినీ కట్టిపడేసే అధికారం భద్రతా మండలిదే. అక్కడ బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్‌ల చేతిలో వీటో ఉంది, ఆ దేశాల కంపెనీల డబ్బు జోహన్నెస్‌బర్గ్‌లో ఉంది. పాశ్చాత్య దేశాలు ఆ ప్రత్యేక కమిటీలో చేరడానికి కూడా నిరాకరించాయి. కోరలు లేని కమిటీగా మిగిలిపోవలసిన దానిని ఉద్యమానికి కేంద్రంగా మార్చినవారిలో ముఖ్యుడు ఒక తెలుగువాడు. అప్పటి నెల్లూరు జిల్లాలో గూడూరు దగ్గరి పల్లపట్టిలో 1924లో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి 1946లో చదువు కోసం న్యూయార్క్ వెళ్లారు. సరిగ్గా అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలో తమ గోడు వినిపించడానికి దక్షిణాఫ్రికా నుంచి ఆఫ్రికన్, భారతీయ నాయకులు అక్కడికి వచ్చారు. వారితో ఏర్పడిన పరిచయం ఆయనకు జీవితకాలపు పనిగా మారింది. 1949లో సమితిలో ఉద్యోగంలో చేరి, 1963 నుంచి ప్రత్యేక కమిటీ కార్యదర్శిగా, తర్వాత వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరుగా పనిచేశారు.

ఆయన పద్ధతిని కొంచెం దగ్గరగా చూడాలి. పాశ్చాత్య దేశాలు చేరకపోవడం ఒక విధంగా మేలేనని ఆయన భావించారు. అడ్డుపుల్లలు వేసేవారు లేకపోవడంతో కమిటీ ఏకాభిప్రాయంతో పనిచేయగలిగింది. ప్రభుత్వాలు వినకపోతే ఆ ప్రభుత్వాలను ఎన్నుకునే ప్రజల దగ్గరికి వెళ్లాలన్నది ఆయన పట్టుదల. కార్మిక సంఘాలు, చర్చిలు, విద్యార్థులు, క్రీడాకారులు, కళాకారులతో కమిటీ నేరుగా సంబంధాలు పెట్టుకుంది. దక్షిణాఫ్రికా వెళ్లి ఆడిన క్రీడాకారుల పేర్లు, అక్కడ కార్యక్రమాలు ఇచ్చిన గాయకుల పేర్లు జాబితాలుగా ప్రచురించడం 1980ల తొలి సంవత్సరాల్లో మొదలైంది. శిక్షించే అధికారం లేని సంస్థ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం పేరు బయటపెట్టడం. పిలుపు అందినా ప్రదర్శన ఇవ్వడానికి వెళ్లకుండా చాలామందిని ఆపింది ఆ జాబితాలో తమ పేరు కనపడుతుందన్న బెరుకే. ఒక గుమస్తా పని ఇంత దూరం పోతుందని ప్రిటోరియా అనుకుని ఉండదు. భద్రతా మండలి తప్పనిసరి ఆంక్ష విధించడానికి మాత్రం 1977 నవంబర్ దాకా పట్టింది. సొవేటో నల్లవాడలో విద్యార్థులపై కాల్పులు, పోలీసుల నిర్బంధంలో నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో మరణం తర్వాత 418వ తీర్మానం ఆయుధాల అమ్మకాన్ని నిషేధించింది. అంతకు మించి మండలి ఎన్నడూ వెళ్లలేదు.

ఆంక్షలకు ఎక్కడ గండి పడుతుందో చూడాలంటే చమురును మించిన ఉదాహరణ లేదు. బంగారం, వజ్రాలు, బొగ్గు పుష్కలంగా ఉన్న ఆ దేశంలో చమురు మాత్రం లేదు. 1973లో అరబ్ దేశాలు చమురు అమ్మకం ఆపేశాయి. ఇరాన్ షా మాత్రం అమ్ముతూనే ఉన్నాడు. 1979 విప్లవంతో ఆ దారీ మూసుకుపోయింది. అప్పటి నుంచి దక్షిణాఫ్రికా మార్కెట్ ధర కంటే ఎక్కువ ఇచ్చి దొడ్డిదారిన కొనుక్కోవలసి వచ్చింది. సేలం అనే ట్యాంకర్ కథ ఇందుకు సాక్ష్యం. అది 1979 డిసెంబర్‌లో కువైట్‌లో చమురు నింపుకుని యూరప్‌కని బయలుదేరింది. దారిలో ఉండగానే షెల్ సంస్థ ఆ సరుకును కొన్నది. ఓడ మీద పేరులో కొన్ని అక్షరాలు మార్చి 'లేమా'గా డర్బన్ దగ్గరికి చేర్చి దాదాపు 1,80,000 టన్నులు దింపేశారు, ఖాళీ అయిన గదుల్లో సముద్రపు నీరు నింపారు. 1980 జనవరిలో సెనెగల్ తీరం దగ్గర ఓడ మునిగింది. అటుగా వెళుతున్న ఒక బ్రిటిష్ ట్యాంకర్ సిబ్బందిని కాపాడింది. ఉన్నపళంగా ప్రాణాలు దక్కించుకున్నామని చెప్పినవారి చేతుల్లో చక్కగా సర్దుకున్న సూట్‌కేసులు ఉన్నాయి, ఓడ లాగ్‌బుక్కు మాత్రం లేదు. ఇంత నిండుగా చమురు ఉన్న ఓడ మునిగితే నీటి మీద తెట్టు కట్టాలి. ఆ స్థాయి తెట్టు కనపడలేదు.

సేలం విపరీతమైన ఉదాహరణ. మామూలుగా జరిగేది ఇంత నాటకీయంగా ఉండదు. గమ్యం రాయని కాగితాలు, మధ్యవర్తులు, చేతులు మారే సరుకు ఇందులో ప్రధానం. 1980లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏర్పడిన షిప్పింగ్ రీసెర్చ్ బ్యూరో అనే చిన్న సంస్థ ఓడల రాకపోకల వివరాలు కూర్చి, ఏ ట్యాంకర్ ఎక్కడ చమురు ఎక్కించుకుని ఎన్ని రోజులు కనపడకుండా పోయి ఖాళీగా తేలిందో లెక్కగట్టి ప్రచురించేది. అయినా చమురు ఆగలేదు. మరి నిషేధం విఫలమైనట్టా? కాదనే నా అభిప్రాయం. అదనంగా చెల్లించిన ధర, బొగ్గు నుంచి ఇంధనం తీసే సాసోల్ కర్మాగారాలకు పోసిన డబ్బు, భూగర్భ గనుల్లో చమురు నిల్వ చేయడానికి అయిన ఖర్చు అన్నీ ఖజానా మీదే పడ్డాయి. ఆంక్ష సరుకును ఆపలేకపోయినప్పుడు దాని ఖరీదును పెంచుతుంది.

ఇక మామూలు మనుషుల వంతు. పదహారేళ్లు దాటిన ప్రతి నల్లజాతి మనిషీ ఫోటో ఉన్న పాస్‌బుక్ వెంట ఉంచుకోవలసి వచ్చేది, లేకపోతే జైలే. ఆ ఫోటోలు తీయడానికి పోలరాయిడ్ కెమెరాలు వాడుతున్నారని 1970లో ఆ కంపెనీలోనే పనిచేసే కారొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ గమనించారు. సొంత కంపెనీ మీదే బహిష్కరణకు పిలుపునిచ్చారు. హంటర్ ఉద్యోగం పోయింది. ప్రభుత్వానికి అమ్మబోమని కంపెనీ మాట ఇచ్చింది. స్థానిక పంపిణీదారు గుట్టుగా అమ్ముతున్నాడని 1977లో బయటపడగానే ఆ దేశం నుంచి తప్పుకుంది. అదే ఏడాది జనరల్ మోటార్స్ బోర్డు సభ్యుడైన పాస్టర్ లియోన్ సలివన్, దక్షిణాఫ్రికాలో ఉండదలచిన కంపెనీలు సమాన వేతనం, కలిసి భోంచేసే వసతి వంటి నియమాలు పాటించాలని ఒక ప్రవర్తనావళి రూపొందించారు. ఉండిపోవడానికి కంపెనీలకు అది మంచి సాకుగా దొరికింది. ఫ్యాక్టరీ గోడల లోపల సమానత్వం, గేటు దాటితే వర్ణవివక్ష అన్న పరిస్థితి ఎంతకీ మారకపోవడంతో పదేళ్ల తర్వాత సలివన్ స్వయంగా ఆ నియమాలు చాలవని, కంపెనీలు వెళ్లిపోవాలని ప్రకటించారు.

డబ్లిన్ సంగతి మరీ చిన్నది. 1984 జూలైలో హెన్రీ స్ట్రీట్‌లోని డన్స్ స్టోర్స్‌లో 21 ఏళ్ల మేరీ మ్యానింగ్, యూనియన్ ఆదేశం ప్రకారం దక్షిణాఫ్రికా గ్రేప్‌ఫ్రూట్‌కు బిల్లు వేయనని చెప్పింది. ఆమెను సస్పెండ్ చేశారు. తోటి ఉద్యోగులు పదిమంది లోపు ఆమెతో బయటికి నడిచారు. వర్ణవివక్ష గురించి మొదట్లో వారికి తెలిసింది అంతంత మాత్రమే. ప్రవాసంలో ఉన్న దక్షిణాఫ్రికా కార్మిక నాయకుడు నిమ్రోద్ సెజాకే రోజూ వచ్చి వారితో నిలబడి అక్కడి బతుకు ఎలాంటిదో చెప్పేవాడు. వారానికి 21 పౌండ్ల సమ్మె భత్యంతో రెండున్నరేళ్లకు పైగా సాగిన ఆ సమ్మె ఫలితంగా 1987లో ఐర్లండ్ దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది. డబ్బు లెక్కలో చూస్తే అది గోరంత. కాని పశ్చిమ యూరప్‌లో ఒక ప్రభుత్వం ఇలాంటి నిషేధం విధించగలదని తేలింది.

పెద్ద దెబ్బ పడింది 1985లో. దానికి ముందు ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. షార్ప్‌విల్ కాల్పుల తర్వాత విదేశీ డబ్బు బయటికి పారిపోతుంటే, చేజ్ మన్‌హాటన్‌తో సహా అమెరికా బ్యాంకుల కూటమి 4 కోట్ల డాలర్ల రుణ సదుపాయం ఇచ్చి ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టింది. 1965లో విద్యార్థులు ఆ బ్యాంకు ముందు ధర్నా చేశారు, చర్చిలు తమ డిపాజిట్లు తీసేసుకుంటామన్నాయి, 1969లో ఆ సదుపాయం ముగిసింది. ఆ తర్వాతా అప్పులు ఆగలేదు. 1980లలో దక్షిణాఫ్రికా బ్యాంకులు, కంపెనీలు ఏడాది లోపు తీర్చాల్సిన స్వల్పకాలిక రుణాలు విపరీతంగా తెచ్చాయి. ఇలాంటి అప్పులను నిజానికి ఎవరూ తీర్చరు, గడువు రాగానే పొడిగించుకుంటూ పోతారు. పొడిగించేవాడు ఒక్కడు కాదన్నాడంటే మిగతావారూ తమ డబ్బు ముందు చేతికందాలని ఎగబడతారు.

1985 జూలైలో నల్లవాడలు భగ్గుమంటుండగా అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోథా అత్యవసర పరిస్థితి విధించారు. ఆ నెలాఖరున అప్పులు పొడిగించేది లేదని చేజ్ మన్‌హాటన్ నిర్ణయించింది. ఇరవై ఏళ్ల క్రితం ఆదుకున్న బ్యాంకే ముందు చేయి వదిలింది. ఆగస్టు 15న డర్బన్‌లో బోథా పెద్ద సంస్కరణలు ప్రకటిస్తారని ప్రపంచమంతా ఎదురుచూస్తే, ఆయన వేలు చూపిస్తూ ఎవరికీ లొంగేది లేదని గర్జించారు. దాంతో ఆ దేశ కరెన్సీ రాండ్ కుప్పకూలింది. ఆ దశాబ్దం మొదట్లో డాలరు కంటే ఎక్కువ పలికిన నాణెం దానిలో సగం విలువ కూడా లేకుండా పోయింది. మార్కెట్లు మూసేసి, సెప్టెంబర్ 1న అప్పుల చెల్లింపు నిలిపివేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. సుమారు 2,400 కోట్ల డాలర్ల విదేశీ అప్పులో సగానికి పైగా అలా స్తంభించిపోయింది. ఆ తర్వాత కొత్త అప్పు పుట్టక, పాత అప్పు వాయిదాలు కట్టడానికి ఏటా దిగుమతుల కంటే ఎగుమతులు ఎక్కువ ఉండేలా చూసుకోవలసి వచ్చింది. అందుకోసం ఆర్థిక వ్యవస్థనే బిగపట్టారు. ఎదుగుదల ఆగిపోయింది.

ఈ నిర్ణయం ఏ పార్లమెంటూ చేసింది కాదు. బ్యాంకు చెప్పిన కారణం నష్టభయమే తప్ప నీతి కాదు, ఆ మాటను నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ నష్టభయం ఎక్కడి నుంచి వచ్చింది? లోపల వర్ణవివక్ష వ్యతిరేక సంఘాల కూటమి యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్, కార్మిక సంఘాలు, వీధుల్లోకి వచ్చిన కుర్రకారు దేశాన్ని పాలించలేని స్థితికి తెచ్చారు. బయట పెన్షన్ నిధులు, నగర పాలక సంస్థలు, విశ్వవిద్యాలయాలు అక్కడ వ్యాపారం చేసే సంస్థలతో లావాదేవీలు తెంచుకుంటామని వరుసపెట్టి చెబుతున్నాయి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చే లాభం చేజ్‌కు సముద్రంలో కాకిరెట్ట. దాని కోసం సొంత ఊళ్లో ఖాతాదారులను పోగొట్టుకోవడం దండగ. ఇరవై అయిదేళ్ల ప్రచారం సాధించింది ఇదే. నీతి గురించి పట్టించుకోని మనిషి కూడా లెక్క చూసుకుని తప్పుకునేలా చేసింది.

ప్రభుత్వాలు ఆ తర్వాతే కదిలాయి. 1985లో నసావులో జరిగిన కామన్వెల్త్ సమావేశంలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఒంటరిగా అడ్డం తిరిగి, నామమాత్రపు చర్యలకు మించి ఒప్పుకోలేదు. అక్కడ ఏర్పాటైన ప్రముఖుల బృందంలో మన స్వరణ్ సింగ్ కూడా ఉన్నారు. బృందం రాజీ చర్చలు జరుపుతుండగానే 1986 మేలో దక్షిణాఫ్రికా సైన్యం బోట్స్వానా, జాంబియా, జింబాబ్వే రాజధానుల మీద దాడి చేసింది, చర్చలు అక్కడే ఆగిపోయాయి. అమెరికాలో రీగన్ వీటో చేసిన వర్ణవివక్ష వ్యతిరేక చట్టాన్ని ప్రతినిధుల సభ 313–83 ఓట్లతో, సెనేట్ 78–21 ఓట్లతో నెగ్గించాయి. రీగన్ సొంత పార్టీ సెనేటర్లలోనే ఎక్కువమంది ఆయనకు ఎదురు ఓటు వేశారు. కొత్త పెట్టుబడులు, బొగ్గు, ఉక్కు, యురేనియం, వ్యవసాయోత్పత్తుల దిగుమతి, విమానాలు ఆగాయి. కీలకమైన ఖనిజాల జోలికి మాత్రం చట్టం పోలేదు. తమకు అవసరమైనదాన్ని మినహాయించుకుని మిగతావాటిని నిషేధించడం ఆంక్షలు విధించే దేశాలన్నిటికీ అలవాటే.

వ్యతిరేకించినవారందరూ వర్ణవివక్షకు కొమ్ముకాసినవారు కాదు. పార్లమెంటులో ఏళ్ల తరబడి ఒంటరిగా ఆ చట్టాలను ఎదిరించిన హెలెన్ సుజ్మన్ ఆంక్షలను ఒప్పుకోలేదు. పరిశ్రమలు పెరిగితేనే నల్లజాతి కార్మికుల బేరమాడే శక్తి పెరుగుతుందన్నది ఆమె వాదన. అందులో కొంత నిజం ఉంది, యూనియన్లు బలపడింది ఫ్యాక్టరీల్లోనే. కాని అవే యూనియన్లు కలిసి ఏర్పడిన కోసాటు ఆంక్షలను సమర్థించిందని కూడా చెప్పాలి. పెట్టుబడుల ఉపసంహరణలో మరో వంచన ఉంది. వెళ్లిపోయిన విదేశీ కంపెనీలు ఫ్యాక్టరీలను అక్కడి శ్వేతజాతి యజమానులకు చవకగా అమ్మి, లైసెన్సుల ద్వారా సరుకు సరఫరా చేస్తూనే వచ్చాయి. బార్క్లేస్ 1986లో తన బ్యాంకును దక్షిణాఫ్రికాకే చెందిన ఆంగ్లో అమెరికన్ కూటమికి అమ్మింది. బోర్డు మారింది, గల్లా పెట్టె మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక చుట్టూ దక్షిణాఫ్రికా భూమే ఉన్న లెసోతో వంటి దేశాలకు ఆంక్షలు పాటించే వీలే లేదు.

1990 ఫిబ్రవరిలో అధ్యక్షుడు డి క్లర్క్ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ వంటి సంస్థలపై నిషేధాలు ఎత్తేసి మండేలాను విడుదల చేశారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం, అంగోలా యుద్ధపు ఖర్చు, బంగారం ధర పడిపోవడం, వీధుల్లో ఆగని తిరుగుబాటు అన్నీ అందుకు తోడయ్యాయి. ఇందులో ఆంక్షల వాటా ఇంతని తూకం వేసి చెప్పడం కుదరదు. చెప్పగలిగింది ఒకటే. అప్పు పుట్టని ప్రభుత్వానికి కాలం కొనుక్కునే దారి లేకుండా పోయింది.

విధించడం ఎంత కష్టమో ఎత్తేయడం అంత చిక్కు. విడుదలైన మండేలా దేశదేశాలు తిరిగి ఆంక్షలు అప్పుడే సడలించవద్దని కోరారు. అమెరికా మాత్రం 1991లోనే ఎత్తేసింది. మధ్యంతర పాలనకు ఒప్పందం కుదిరాక 1993 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో మండేలా స్వయంగా ఆర్థిక ఆంక్షలు తొలగించమని అడిగారు. 1946 నాటి మన నిషేధమూ ఆ ఏడాదే ముగిసింది. 1994 ఎన్నికల తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం ముందు, 1985లో స్తంభించి వాయిదాలుగా మారిన అప్పు అలాగే ఉంది. పరపతి పోతుందని, కొత్త పెట్టుబడి రాదని లెక్క వేసుకుని, తమను జైళ్లలో పెట్టడానికి వాడిన ఆ అప్పును తీర్చడానికి మండేలా ప్రభుత్వం ఒప్పుకుంది.